మోటారు గదిలో రెండో మనిషి

లాప్‌టాప్ పట్టుకొని మెకానిక్కుల గదిలోకి వచ్చిన బుల్లికి ఎవరూ కుర్చీ ఇవ్వలేదు. కుర్చీలు లేక కాదు. ఒకదాని మీద హెల్మెట్టు, ఇంకోదాని మీద ఎవరిదో సంచీ ఉన్నాయి. మూడోదాంట్లో ఆమె బావ కాళ్ళు బారజాపుకొని కూర్చొని, పాత బేరింగును గుడ్డతో తుడుస్తున్నాడు. తలెత్తలేదు.

“కూర్చోవాలంటే ఆ గ్రీజు డబ్బా ఉంది మేడమ్,” అన్నాడు.

ఇంట్లో ‘ఏమే బుల్లీ’ అని పిలిచే మనిషి ఆఫీసు గడప తొక్కగానే ‘మేడమ్’ అంటాడు. ఆ పిలుపులో గౌరవం మచ్చుకైనా ఉండదు. బుల్లి కూడా ఇక్కడ అతన్ని ‘మీరు’ అనే అంటుంది. ఇద్దరూ ఒకే ఇంటి నుంచి వస్తారని అందరికీ తెలుసు. అయినా ఈ నాటకం ఇద్దరూ వదల్లేదు.

బల్ల మీది కప్పీని మోచేత్తో పక్కకు నెట్టి ఆమె లాప్‌టాప్ తెరిచింది. లిఫ్టులు బిగించి, చెడిపోతే బాగుచేసే ఆ కంపెనీ కొత్తగా ఒక సాఫ్ట్‌వేర్ కొన్నది. ఏ పని ఎవరు చేయాలో, ఎన్ని గంటల్లో చేయాలో ఇకమీదట అదే పంచుతుంది. దాన్ని అమర్చే బాధ్యత ప్లానింగ్ సెక్షన్‌లో ఉన్న బుల్లి మీద పడింది. డిపార్ట్‌మెంట్లు నిన్ననే పెట్టేసింది. బిగింపులు ఒకటి, మరమ్మతులు ఒకటి, స్టోరు, ఆఫీసు. ఇవాళ మనుషుల వంతు.

“ఒక్కొక్కరూ వచ్చి చెప్పండి. చేసే పని, లైసెన్స్ ఉందో లేదో, ఫోన్ నంబరు. రిసోర్స్‌గా ఎక్కించి, యూజర్‌గా లాగిన్ ఇస్తాను.”

బావ లేచి వచ్చి ఆమె భుజం మీదుగా తెరలోకి చూశాడు. రిసోర్స్ రకం అన్న గడిలో మూడే మాటలు ఉన్నాయి: మనిషి, యంత్రం, సామాను.

“ఒరేయ్, ఇటు చూడండ్రా. మనల్నీ డ్రిల్లు మిషన్నీ ఒకే బంతిలో కూర్చోబెట్టింది.”

గది అంతా నవ్వింది. బుల్లి తల తిప్పి బావ వైపు చూసింది. “డ్రిల్లు మిషనుకి పాస్‌వర్డ్ ఇవ్వను. మీకిస్తాను. అదీ తేడా,” అంది.

“డ్రిల్లు మిషన్‌కే నయం. దానికి ఫోన్ చేసి ఎక్కడున్నావని ఎవరూ అడగరు.”

మళ్ళీ నవ్వు. నవ్వనివాడు ఒక్కడే, గోడకి ఆనుకొని నిలబడ్డ సన్నటి పొడుగు మనిషి. అతన్ని అందరూ నిచ్చెన అంటారు. అతను ముందుకు వచ్చి, చేతులు ప్యాంటుకి తుడుచుకొని, నెమ్మదిగా అడిగాడు.

“అమ్మా, మీ బావగారి పక్కనే నా పేరు పెట్టండి. మేమిద్దరం ఒక జట్టు. ఒకరు లిఫ్టు తిరిగే షాఫ్టులో దిగితే ఒకరు పైన మోటారు గదిలో స్విచ్ దగ్గరుంటాం. వేరే వేరేగా రాస్తే పని కుదరదు.”

“తెలుసు. జట్టుగానే ఎక్కిస్తున్నాను,” అంది బుల్లి. పన్నెండు మందినీ ఇద్దరిద్దరు చొప్పున కలిపింది. పని ముగిసేదాకా నిలబడే ఉంది. గ్రీజు డబ్బా మీద మాత్రం కూర్చోలేదు.

మేనేజర్ తెర చూసి మొహం చిట్లించాడు.

“ఈ జట్లేమిటి?”

“షాఫ్టు పనికి ఇద్దరు వెళతారు సార్.”

“మరమ్మతుల్లో మొత్తం ఎంతమంది?”

“పన్నెండు.”

“ఒకేసారి ఎన్ని పనులు అవుతున్నాయి?”

“ఆరు.”

“మిగిలిన ఆరుగురూ ఎక్కడున్నారు మరి?”

“మోటారు గదుల్లో సార్.”

“అక్కడేం చేస్తారు?”

“స్విచ్ దగ్గర ఉంటారు.”

“అంటే ఏమీ చెయ్యరు.” మేనేజర్ కుర్చీలో వెనక్కి వాలాడు. “నేను ఆఫీసులో పుట్టి ఆఫీసులో పెరగలేదమ్మాయ్. ఆ షాఫ్టుల్లోంచే వచ్చాను. రెండోవాడు గోళ్ళు కొరుక్కుంటూ నిలబడతాడు, అంతే. మెయిన్ ఆపేసి కిందికి దిగితే అయిపోయె. విడగొట్టు. మనిషికో పని.”

“ఎవరైనా వచ్చి స్విచ్ ఎత్తితే?”

“స్విచ్ మీద ‘ముట్టుకోవద్దు’ అని బోర్డు తగిలిస్తారు. చదువుకున్నదానివి, నువ్వూ వాళ్ళలాగే మాట్లాడితే ఎలా? విడగొట్టమన్నాను.”

బుల్లి విడగొట్టింది. ఒక్కో జట్టునూ తెరిచి, ఇద్దరినీ విడదీసి, మనిషికి ఎనిమిది గంటలు కేటాయించింది. ఆఖరి జట్టు బావదీ నిచ్చెనదీ. అది కూడా నొక్కాక డిపార్ట్‌మెంటు బొమ్మలో సగం బూడిద రంగులో ఉన్న గీతలన్నీ ఒక్కసారి ఆకుపచ్చగా మారాయి. చూడముచ్చటగా ఉంది. తన చేతి కింద ఇంతమంది ఇలా కదులుతారన్న ఊహకి ఆమెకి ఒళ్ళు జలదరించింది. గ్రీజు డబ్బా మీద కూర్చోమన్న మనిషి గుర్తొచ్చి ఆ జలదరింపు ఇంకాస్త తీపిగా అనిపించింది.

రాత్రి భోజనాల దగ్గర బావ సూటిగా అడిగాడు.

“జట్లు ఉంచావా?”

“ఉంచనివ్వలేదు.”

“వాడి సంగతి అడగలేదు. నువ్వేం చేశావు?”

“చెప్పింది చేశాను. నా పని అది.”

బావ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు. కంచం తీసుకొని వెళ్ళి వీధి మెట్ల మీద కూర్చున్నాడు. అక్క గరిటె గిన్నెలో పడేసింది.

“నీ ఉద్యోగం కోసం ఆయన ఆ మేనేజర్ కాళ్ళావేళ్ళా పడ్డాడే.”

“పడమని నేనడిగానా?”

“అడగలేదు. తినేటప్పుడు మాత్రం ఒద్దనలేదు.”

బుల్లి లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది.

మర్నాడు పొద్దున మెకానిక్కుల ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. ఎవరి పని వాళ్ళకి వచ్చింది. నిచ్చెనకి ఊరవతల అపార్టుమెంట్లలో షాఫ్టు పని. లిఫ్టు పెట్టె కప్పు మీది రోలర్లు అరిగిపోయాయని ఫిర్యాదు. ప్లానింగ్ సెక్షన్ కిటికీ కిందే బండ్లు నిలుపుతారు కాబట్టి, బుల్లికి వాళ్ళ మాటలు వినిపించాయి.

“వెళ్ళకు,” అన్నాడు బావ.

“వెళ్ళకపోతే నా పేరు ఎర్రగా పడుతుందట అన్నా.”

“పడనీ. ఎరుపైతే ఏం, కొరుకుతుందా?”

“నీకేం, సీనియర్‌వి. నన్ను ఒక్క మాటతో ఇంటికి పంపిస్తారు.” నిచ్చెన హెల్మెట్టు బిగించుకున్నాడు. “బోర్డు తగిలించి దిగుతాలే.”

బావ కిటికీ వైపు చూశాడు. బుల్లి చటుక్కున తల దించుకొని, లేని పనేదో వెతుక్కుంది.

మధ్యాహ్నానికి ముందే ఆమె బల్ల మీది ఫోన్ మోగింది. అవతల ఆ అపార్టుమెంట్ల వాచ్‌మన్. ఏడుస్తున్నాడు. మాటలు అతుక్కోవడం లేదు.

“అయిదో అంతస్తు ఆవిడ లిఫ్టు రాలేదని ఒకటే అరుపులమ్మా. పైకెళ్ళి చూశాను. స్విచ్ కిందికి దిగి ఉంది. దానంతట అదే దిగిందనుకొని పైకి ఎత్తాను. బోర్డు కింద పడిపోయి ఉందని తర్వాత చూశాను. అక్కడ మనిషెవరూ లేరమ్మా. ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు కదమ్మా, ఇవాళ లేడు…”

“ఆయన ఎలా ఉన్నాడు? అది చెప్పండి ముందు.”

“కాలమ్మా. గోడకీ పెట్టెకీ మధ్య. అరుపు విని మళ్ళీ ఆపాను. తీశారు, ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నాకేం తెలుసమ్మా, నన్ను పోలీసులు…”

బుల్లి ఫోన్ పెట్టేసింది. తెర మీద నిచ్చెన పేరు ఎదురుగా ఆకుపచ్చ గీత ఉంది. పని జరుగుతోంది అని రాసి ఉంది. ఆ గీత గంటగంటకీ పొడుగవుతూ ఉంటుంది, ఎవరో ఒకరు ఆపేదాకా. ఆపే గడి మీద వేలు పెట్టింది కానీ ఏ కారణం ఎంచుకోవాలో తెలియలేదు. పూర్తయింది, వాయిదా, రద్దు. ఇంకేమీ లేవు.

మేనేజర్ ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. పాదం నలిగింది, ప్రాణానికి భయం లేదు, నడవడానికి నెలలు పడుతుంది. ఆ మాట వినగానే ఆయన మొహం తేటపడింది. తలుపు వేసి వచ్చి బుల్లి పక్కన నిలబడ్డాడు.

“రేపు పెద్ద మేడమ్ వస్తోంది. కంపెనీ ఆవిడది. ఇంత పోసి కొన్నది ఎలా పనిచేస్తోందో కళ్ళారా చూస్తానంది. ఈ టైములో తెర మీద ఎర్ర గీత పడకూడదు. వాణ్ణి ఇనాక్టివ్ చెయ్.”

“సెలవు అని పెట్టొచ్చు సార్. దానికి వేరే గడి ఉంది.”

“సెలవు పెడితే ఎందుకని అడుగుతుంది. అసలు మనిషే లేకపోతే అడగడానికేముంటుంది?”

“అతనికి లాగిన్ కూడా పోతుంది సార్.”

“మంచం మీద పడుకున్నవాడికి లాగిన్ ఎందుకమ్మా, దోమల్ని తోలుకోడానికా?” తన మాటకి తనే నవ్వాడు. “వాడి చోట నన్ను వెయ్. నా లైసెన్స్ ఇంకా బతికే ఉంది, ఏటా కట్టుకుంటున్నాను.”

“మిమ్మల్ని షాఫ్టు పనికా?”

“చూపుకేనమ్మా. మేడమ్‌కి పన్నెండు మంది కనపడాలి. ఎనిమిది గంటలూ వేసెయ్.”

బుల్లి నిచ్చెన పేరు తెరిచింది. ఇనాక్టివ్ అన్న గడి పక్కన చిన్న టిక్కు. నిజంగానా అని అడిగింది యంత్రం. అవునని నొక్కింది. తర్వాత కొత్త రిసోర్స్, రకం మనిషి, డిపార్ట్‌మెంటు మరమ్మతులు, మేనేజర్ గారు. మనసులో ఏమీ లేదు. అక్షరాలు మాత్రం రెండుసార్లు తప్పుపడ్డాయి.

సాయంత్రం అందరూ వెళ్ళిపోతుండగా బావ వచ్చాడు. చొక్కా ముందు భాగమంతా రక్తం ఎండి అట్టకట్టి ఉంది. కబురు విని పరిగెత్తుకెళ్ళి నిచ్చెనని అంబులెన్సులోకి ఎత్తింది అతనేనని ఆమెకి అప్పుడు తెలిసింది. జేబులోంచి ఒక ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. తెర పగిలి ఉంది. అది నిచ్చెనది.

“చదువు.”

మీ ఖాతా నిలిపివేయబడింది. వివరాలకు మీ అడ్మిన్‌ను సంప్రదించండి.

“వాడి ఫోన్ అప్పుడు వాళ్ళావిడ చేతిలో ఉంది. లోపల కుట్లు వేస్తున్నారు, బయట ఆమెకి ఈ మెసేజ్ వచ్చింది. ఉద్యోగం తీసేశారనుకొని అక్కడే కూలబడిపోయింది. అడ్మిన్ ఎవరు?”

“నేనే.”

“సంప్రదిస్తున్నాను. చెప్పు.”

ఆఫీసులో అతను ఆమెని ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి.

“మేనేజర్ చెయ్యమన్నాడు బావా.”

“స్విచ్ ఎత్తినవాడు కూడా అదే అంటున్నాడు. అయిదో అంతస్తు ఆవిడ అరిచిందట.”

“నాకు ఆ వాచ్‌మన్‌కి పోలికేంటి?”

“వాడు ఏడుస్తున్నాడు,” అని ఫోన్ తీసుకొని వెళ్ళిపోయాడు.

బుల్లి ఆస్పత్రికి వెళ్ళింది. వెళ్ళకుండా ఉండాలని బస్సు స్టాపులో రెండు బస్సులు వదిలేసి, మూడోది ఎక్కింది. వార్డు బయట నిచ్చెన భార్య గోడకి చేరగిలబడి ఉంది. తనెవరో బుల్లి చెప్పకముందే ఆమె కనిపెట్టింది.

“పేరు కొట్టేసింది నువ్వేనా?”

“కొట్టెయ్యలేదమ్మా. అది ఊరికే కంప్యూటర్లో…”

“ఊరికేనా? ఆయన కాలు ఊరికే పోయిందా? మా అత్తగారు పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టలేదు, ఊరికేనా?” గొంతు పెంచలేదు. అదే భరించలేకుండా ఉంది. “చదువుకున్న ఆడదానివి. నీ ఇంట్లోనూ ఒకాయన ఆ షాఫ్టుల్లో దిగుతాడట. ఆయన పేరూ ఇలాగే కొడతావా?”

లోపలి నుంచి నిచ్చెన గొంతు వినిపించింది. “ఎవరే అది?”

మంచం పొట్టిదై అతని మంచి కాలు అంచు దాటి బయటికి వేలాడుతోంది. రెండోది తెల్లటి మూటలా ఉంది. మందు మత్తులో కళ్ళు సగమే తెరిచాడు. తనని తిడతాడేమోనని బుల్లి ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

“అమ్మా, ఒక్కటి చెప్పండి చాలు. నేను పనిలో ఉన్నట్టా, లేనట్టా?”

ఉన్నారని చెప్పబోయింది. కానీ తన చేత్తో టిక్కు పెట్టి, అవునని నొక్కింది కదా. “రేపు చూస్తాను,” అని గొణిగి బయటపడింది. వెనక నిచ్చెన భార్య ఏదో అంది. ఏమందో వినపడలేదు. వినపడనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

పెద్ద మేడమ్ సన్నగా, నెరిసిన జుట్టుతో, తొందరలో ఉన్న మనిషి. కుర్చీ వేసినా కూర్చోలేదు. మెకానిక్కుల గదిలో గోడకి పెద్ద తెర తగిలించి, మేనేజర్ అందర్నీ వరసగా నిలబెట్టాడు. బుల్లి ఒక మూల లాప్‌టాప్ ముందు కూర్చుంది.

“ఇదివరకు ఆరు పనులు మేడమ్. ఇప్పుడు పన్నెండు,” అంటూ మేనేజర్ తెర మీద గీతలు చూపిస్తున్నాడు. మెకానిక్కులు ఎవరూ తెర వైపు చూడటం లేదు. పదకొండు మంది పదకొండు దిక్కులు చూస్తున్నారు.

అప్పుడే కొత్త ఫిర్యాదు పడింది. ఎనిమిది అంతస్తుల భవనం, లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల ఎవరూ లేరు. చక్రాల కుర్చీలో ఉన్న పెద్దాయన డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, కింద కారు ఆగి ఉంది. షాఫ్టు పని. తొందరగా పంపండి.

“ఇదిగో మేడమ్, ఇప్పుడే చూడండి,” అన్నాడు మేనేజర్ ఉత్సాహంగా. “ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళకి అదే వెళుతుంది.”

బావ జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తెర మీద అతని పేరు ఎర్రగా మారింది. నిరాకరించారు. పని పక్కవాడికి వెళ్ళింది. అతనూ నొక్కాడు. ఎరుపు. ఆ తర్వాతవాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఫోన్ మోగడం, నొక్కడం, పేరు ఎర్రబడటం. ఆ వరస చివరిదాకా సాగింది.

“ఏమిటిది?” అంది పెద్ద మేడమ్.

మేనేజర్ ఆ వరస వైపు వేలు చూపించాడు. “కొవ్వు మేడమ్, ఒళ్ళు కొవ్వు. అమ్మాయ్, చూస్తావేం? అడ్మిన్‌వి కదా, నువ్వే ఎక్కించు. ఒద్దన్నవాడికి ఎక్కించెయ్.”

బుల్లి తెర వైపు చూసింది. ఎర్రటి పేర్ల కింద అట్టడుగున ఒకే ఒక్క పచ్చ పేరుంది. దానికి ఫోన్ నంబరు ఎక్కించలేదు కనుక పని దాని దగ్గరికి వెళ్ళలేదు. అది అక్కడుందని ఆమెకి రాత్రంతా గుర్తులేదు. ఇప్పుడు దాన్ని నొక్కి తెరిచింది.

“ఒద్దన్నవాళ్ళకి ఎందుకు సార్? ఒకరు ఖాళీగా ఉన్నారు కదా.”

“ఎవరు?” అంది పెద్ద మేడమ్.

బుల్లి తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివింది. “మరమ్మతుల డిపార్ట్‌మెంటు. షాఫ్టు పని. లైసెన్స్ ఉంది. ఇవాళ ఎనిమిది గంటలూ ఖాళీ. మేనేజర్ గారు.” తర్వాత ఆయన వైపు తిరిగింది. “ఎక్కించమంటారా సార్?”

గదిలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. పెద్ద మేడమ్‌కి ఇందులో తమాషా ఏమీ కనిపించలేదు. చేతి గడియారం చూసుకుంది.

“మంచిదే కదా. మీరు ఈ పని చేసినవారేనని చెప్పారు. వెళ్ళి రండి, అక్కడ పెద్దాయన ఎదురుచూస్తున్నాడు.”

మేనేజర్ గోడకి తగిలించిన హెల్మెట్ల వైపు చూశాడు, తన మెరిసే బూట్ల వైపు చూశాడు, తర్వాత తనకి తెలియకుండానే అనేశాడు.

“ఒక్కణ్ణా?”

ఎవరూ నవ్వలేదు. ఆ మాట గది మధ్యలో అలాగే నిలబడిపోయింది.

“ఒక్కరు వెళితే ఏమవుతుంది?” అంది పెద్ద మేడమ్. నిజంగానే తెలియక అడిగింది.

“నిన్న మావాడు ఒక్కడే వెళ్ళాడు మేడమ్,” అన్నాడు బావ. “ఆస్పత్రిలో ఉన్నాడు. అందుకే ఆ పన్నెండో పేరు మేనేజర్ గారిది.”

ఆవిడ మేనేజర్ని చూసింది. జాలి లేదు, కోపం కూడా పెద్దగా లేదు. చెడిపోయిన లిఫ్టుని చూసినట్టు చూసింది. “నాకివన్నీ ఎవరూ చెప్పలేదు. తర్వాత మాట్లాడదాం. ముందు ఆ పనికి ఎంతమంది కావాలో అంతమందిని పంపండి. ఆలస్యమవుతోంది.”

“ఇద్దర్ని పంపు,” అన్నాడు మేనేజర్, నేల వైపు చూస్తూ.

“జట్టుగా పెట్టమంటారా సార్? అన్నిటికీనా, దీనికొక్కదానికేనా?”

ఆయన పళ్ళు బిగించాడు. “అన్నిటికీ.”

బుల్లి అప్పటికప్పుడు, అందరూ చూస్తుండగానే కలిపింది. ఇద్దరిద్దరు. బావ, అతని పక్కన బిగింపుల డిపార్ట్‌మెంటులోంచి తెచ్చిన ఒక మనిషి. నిచ్చెన పేరు తెరిచి, ఇనాక్టివ్ మీది టిక్కు తీసేసి, సెలవు అని పెట్టింది. కారణం అన్న గడిలో పనిలో దెబ్బ అని రాసింది. మేనేజర్ పేరు తీసేసేటప్పుడు నిజంగానా అని యంత్రం అడిగింది. అవునంది.

మేడమ్‌ని కారు ఎక్కించి తిరిగి వచ్చిన మేనేజర్ ఆమె బల్ల దగ్గర ఆగాడు.

“కావాలనే చేశావు.”

“మీరు చెయ్యమన్నదే చేశాను సార్.”

“చూస్తాను,” అన్నాడు.

చూశాడు కూడా. మర్నాడు పొద్దున లాగిన్ అయితే మార్చే గడుల్లో డిపార్ట్‌మెంట్లు లేవు, రిసోర్స్‌లు లేవు, యూజర్లు లేరు. ఏ గడీ తెరుచుకోలేదు. చూడటానికి మాత్రమే అనుమతి అని పైన ఒక పచ్చటి పట్టీ ఉంది. ఆమె స్థానంలో ఇప్పుడు స్టోరు గుమాస్తా అడ్మిన్ అయ్యాడు. ప్లానింగ్ సెక్షన్‌లో ఎవరూ ఆమె వైపు చూడలేదు. పక్క బల్ల ఆవిడ తన కుర్చీని అంగుళమంత అవతలికి జరుపుకుంది. ఈ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో బుల్లికి తెలియదు. భయం వేసింది. నిన్న తను చేసింది ధైర్యమో, గ్రీజు డబ్బా నాటి నుంచి పేరుకున్న కసో కూడా తేలలేదు. రెండూ కలిసే ఉంటాయనుకొని తెర మీద జట్ల పేజీ చూసుకుంది. అది ఇంకా అలాగే ఉంది. మార్చే ధైర్యం ఎవరికీ ఉన్నట్టు లేదు.

బావ మెట్లెక్కి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. భుజానికి పనిముట్ల సంచీ ఉంది.

“నిచ్చెనకి మెసేజ్ వచ్చిందట. సెలవులో ఉన్నాడని.”

“ఏమన్నాడు?”

“ఫోన్ దిండు కింద పెట్టుకొని పడుకున్నాడు.”

“వాళ్ళావిడ?”

“అడ్మిన్‌ని తిట్టడం ఇంకా మానలేదు.”

“నేనిప్పుడు అడ్మిన్‌ని కాను బావా. పొద్దున్నే పీకేశారు.”

బావ ఒక్క క్షణం ఆమెని పరకాయించి చూశాడు. అయ్యో అనలేదు, మంచిపని చేశావనీ అనలేదు. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

“ఆ సంగతి ఆమెకి నేను చెప్పనులే,” అన్నాడు. “తిట్టుకోనీ. ఆమెకి కాస్త తేలికవుతుంది, నీకూ ఏం తరిగిపోదు.”

కింద రెండో మనిషి బండి స్టార్టు చేసి హారన్ కొట్టాడు. బావ మెట్లు దిగి వెళ్ళి వెనక ఎక్కాడు.